చివరి సూది మేస్త్రీది

ఇందుజని నేను రక్తం రిపోర్టులు వచ్చిన మొదటి వారంలోనే కొట్టాను. మండవల్లి సెంటర్లో, టీ కొట్టు ముందు, జనం చూస్తుండగా చెంప మీద లాగి కొట్టాను. అందుకు అప్పుడూ బాధ పడలేదు, ఇప్పుడూ పడను.

ఆ పిల్ల చేసిన పనేమిటంటే, రోడ్డుకి అటువైపు సైకిలు మీద పోతున్న నెల్సన్‌ని చూసి చెయ్యి ఊపింది. "నెల్సన్ గారూ! మీ రక్తం రిపోర్టు వచ్చిందండీ. ఇంకోసారి ఏలూరు రావాలండీ!" అని కేకేసింది. తాడేపల్లిగూడెం పిల్ల కదా, 'అండీ'లకి కొదవ లేదు. బుద్ధికే కొదవ. కొట్టులో టీ గ్లాసులన్నీ నోటి దగ్గర ఆగిపోయాయి. నెల్సన్ ఒక కాలు నేలకి ఆనించి, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీక ముందు చక్రం కేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకండీ?" అంది ఇందుజ, చెంప పట్టుకుని.

"మనిషి పేరూ రక్తం మాటా ఒకే నోట్లోంచి ఇంకోసారి వచ్చాయంటే పళ్ళు రాలగొడతా. పెళ్ళాం అడిగినా చెప్పకూడదు. పోలీసు అడిగినా చెప్పకూడదు. నేనడిగినా చెప్పకూడదు. తెలిసిందా?"

"తెలిసిందండీ."

కాగితాల్లో దీన్నే మెంటారింగ్ అంటారు. కొత్తగా పైకొస్తున్న సైంటిస్టులకి ఇచ్చే ఫెలోషిప్పు ఒకటి ఇందుజకి వచ్చింది. మత్తు సూదులకీ హెచ్ఐవీకీ ఉన్న సంబంధం మీద పరిశోధన. డబ్బిచ్చేవాళ్ళు ఒక నియమం పెట్టారు: ఒక్కొక్కరికీ ఇద్దరు గురువులుండాలి. ఒకరు యూనివర్సిటీలో, ఇంకొకరు ఆ జబ్బుతో బతుకుతున్న జనంలో. యూనివర్సిటీ గురువు ప్రొఫెసర్ సోమసుందరం గారు. రెండో గురువుని నేను, గంగాభవానిని. ఏడో తరగతితో బడి మానేశాను. తర్వాత చదువంతా ధర్నాల్లో, ఆఫీసు మెట్ల మీద, ఆస్పత్రి వరండాల్లో. నా మొగుడు నాకు ఇచ్చిపోయిన ఆస్తి హెచ్ఐవీ ఒక్కటే. ఏలూరులో పాజిటివ్ మనుషుల సంఘం నడుపుతాను. మండవల్లిలో మా అన్నయ్య తాతాజీ ఇంట్లో ఉంటాను. మధ్యలో కొన్నాళ్ళు లేను. ఇందుజ వచ్చిన ఆ చలికాలం అయ్యేసరికి ఆ ఇల్లు వేరే ఇల్లయిపోయింది.

అన్నయ్య చేపల చెరువుల్లో వల లాగే ముఠాకి మేస్త్రీ. చెరువులో చేప పట్టే పట్టుబడి రోజుల్లో తెల్లారక ముందే నీళ్ళలో దిగాలి. ఎండెక్కేలోపు చేప ఐసులో పడాలి, లారీ కదలాలి. రొమ్ముల దాకా చల్లటి నీళ్ళు, కాళ్ళ కింద బురద, టన్నుల బరువు వల. నడుములు పడిపోతాయి. అందుకే దిగే ముందు గట్టు మీద నొప్పి సూది. మొదట్లో నొప్పికి వేసుకున్నారు. తర్వాత ఆ సూదే లేకపోతే నొప్పి. పట్టుబడి లేని రోజు కూడా చేతులు వణుకుతాయి.

ఇందుజ ఇది చూడాలంది. తీసుకెళ్ళాను. పౌరోహిత్యం చేసుకునే ఇంటి పిల్ల, చేపల నీచుకి గట్టు మీదే కక్కుకుంది. మూతి తుడుచుకుని మళ్ళీ వచ్చి నిలబడింది. అప్పుడు మొదటిసారి నచ్చింది నాకు.

ముఠా వరసగా చేతులు చాపింది. సిరంజి ఒక్కటే. ఒకరికి వేశాక అన్నయ్య దాన్ని స్టీలు గ్లాసులో వంకాయ రంగు నీళ్ళలో కడుగుతాడు. చేపలకి పుండ్లు పడితే చెరువులో చల్లే పర్మాంగనేటు.

"దాంతో కడిగితే చాలదండీ" అంది ఇందుజ మెల్లిగా.

"అదేంటండీ మేడమ్" అన్నాడు నెల్సన్. "అంత చెరువులో పురుగుని చంపేది ఇంత సూదిలో పురుగుని చంపదా అండీ?" ముఠా అంతా నవ్వింది.

అందరికీ అయ్యాక, ఆ అరిగిన సూదినే అన్నయ్య తన చేతికి గుచ్చుకున్నాడు. మా దగ్గర పద్ధతి అది. అన్నంలో చివర, కూలి పంపకంలో చివర, సూదిలో చివర. ముందు తీసుకునేవాణ్ణి మేస్త్రీ అనరు.

ఇందుజ సంచీలోంచి పాకెట్టు తీసింది. "మేస్త్రీ గారూ, కొత్త సిరంజిలండీ. మనిషికొకటి."

"వేరు వేరుగానా?"

"అవునండీ."

అన్నయ్య ఆ పాకెట్టు తీసుకుని చెరువులోకి విసిరేశాడు. "నా ముఠాలో వేరు కంచం లేదమ్మా. వేరు సూదీ లేదు. మా చెల్లెలి మీద ఒట్టు."

ఆ ఒట్టు కథ ఇది. నా మొగుడు పోయాక ఉండి ఊళ్ళో మా అత్తారు నాకు వేరే కంచం పెట్టారు. వేరే గ్లాసు, పశువుల పాకలో పడక. తెలిసి అన్నయ్య బండేసుకుని వచ్చాడు. వాకిట్లో బాసింపట్టు వేసుకుని, నేను తిని వదిలేసిన చారన్నం ఊరంతా చూస్తుండగా నా కంచంలోనే తిన్నాడు. చేతులు కడుక్కుని, అదే కంచంతో మా మామ నెత్తి పగలగొట్టాడు. ఆ రోజు నుంచి వేరు అన్న మాట వింటే ఆయనకి పూనకం.

నేను ఆ వంకాయ రంగు నీళ్ళు ఆయన మొహాన కొట్టాను. "నా పేరు మీద ఒట్టేసి జనాన్ని చంపుతావా? కంచం వేరు, నెత్తురు వేరు. ఆ తేడా తెలీదా నీకు?"

"నువ్వే మర్చిపోయావే, నీకు వేరే కంచం పెట్టినవాళ్ళని" అని నన్ను ఒక్క తోపు తోశాడు. వెళ్ళి ఐసు దిమ్మల మీద పడ్డాను. మా అన్నాచెల్లెళ్ళ మాటలు ఇలాగే ఉంటాయి.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. సిరంజి మాట ఎత్తకూడదు, రక్తం మాత్రం ఇస్తారు. ముఠా అంతా ఇచ్చింది. మేస్త్రీ చివర. ఫలితాలు ఏలూరులో మా సంఘం ఆఫీసు వెనక గదిలో, ఒక్కొక్కరికీ విడిగా. నేను బయట గోడకేసి తిరిగి కూర్చునేదాన్ని. లోపలి నుంచి వచ్చేవాడి మొహం కూడా నాకు అక్కర్లేదు. ఒకడు ఈల వేసుకుంటూ పోయాడు. ఒకడు వాకిట్లో బకెట్టు తన్ని పోయాడు. ఎవడు ఎవడో చూడలేదు.

"నువ్వెప్పుడు వెళ్తావు?" అని అన్నయ్యని అడిగితే, "అందరికీ అవనీయే. నేను చివర" అనేవాడు.

ఈలోగా టీ కొట్టు ముందు ఇందుజ వేసిన కేక ఊరుకోలేదు. ఫోన్లలో ఒక వీడియో తిరిగింది. కొల్లేరు వల ముఠాలకి ఎయిడ్స్ అంట, ఆ చేప తింటే మనకీ అంట. ఏ వెధవ పుట్టించాడో. బయటి రాష్ట్రాల వ్యాపారులు కొనడం ఆపేశారు. పట్టిన శీలావతి చేపలు లారీలోనే కుళ్ళాయి.

చెరువుల ఆసామి కిరణ్ కుమార్ అరిచే మనిషి కాదు. కొట్టించేటప్పుడు కూడా గౌరవం తగ్గదు. నెల్సన్‌ని చెరువు గట్టు మీది తన మకాం షెడ్డుకి పిలిపించాడు. నేనూ ఇందుజా కబురు తెలిసి పరిగెత్తేసరికి నెల్సన్ ఐసు తొట్టిలో ఉన్నాడు. మెడ దాకా ఐసు. ఇద్దరు భుజాలు నొక్కి పట్టుకున్నారు.

"నెల్సన్ గారూ, మీకు ఆ జబ్బుందా అండీ?"

"లేదండీ బాబూ... లేదండీ..." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"మరి ఆ మేడమ్ గారు మిమ్మల్నే ఎందుకు పిలిచారండీ? ఇంత మంది ఉండగా?"

నెల్సన్ ఇందుజ కేసి చూశాడు. కోపంగా కాదు. ఇప్పుడైనా ఒక మాట చెప్పమ్మా అన్నట్టు చూశాడు. ఆ పిల్ల నోరు తెరిచింది, మూసుకుంది. ఉందన్నా చంపుతారు, లేదన్నా తర్వాతివాణ్ణి పట్టుకుంటారు. నేను తొట్టి మీదికి దూకాను. ఎవడో కడుపులో తన్నాడు. నేను లేచేలోపు, కాలు బయటికి లాగి, ఐసు పగలగొట్టే సుత్తితో మోకాలి కింద కొట్టారు. ఒకసారి కాదు. నెల్సన్ అరవలేదు, చలికి గొంతు అప్పటికే పోయింది. ఐసు మాత్రం ఎర్రబడింది.

ఏలూరు ఆస్పత్రిలో ఆ కాలు మోకాలి దగ్గర తీసేశారు. నెల్సన్‌కి జబ్బుందో లేదో నాకు ఈనాటికీ తెలీదు.

సోమసుందరం గారు వచ్చారు. ఆస్పత్రి వరండాలో బల్ల మీద కూర్చుని అద్దాలు తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తుడిచారు.

"ఇక్కడ ఆపేద్దాం ఇందుజా. కాలేజీ విద్యార్థుల మీద చెయ్యి, ఫెలోషిప్పు అలాగే ఉంటుంది. మార్చిలో రివ్యూ. అప్పటికి పని కనిపించకపోతే రెండో ఏడు డబ్బు ఇవ్వరు."

"మా పేరు చెప్పి తెచ్చిన డబ్బు కాలేజీకి పోతుందాండీ?" అన్నాను.

"భవాని గారూ, ఈ అమ్మాయి నా విద్యార్థి. వాళ్ళ నాన్నగారికి నేను శవాన్ని అప్పజెప్పలేనండీ."

"నెల్సన్‌కీ ఒక నాన్న ఉన్నాడు."

"అసలు మీరు ఈ అమ్మాయికి ఏం నేర్పుతున్నారండీ?"

"నోరు మూసుకోవడం" అన్నాను.

ఇందుజ మా ఇద్దరి కేసీ చూడలేదు. వార్డు తలుపు కేసి చూస్తోంది. "ఆయన పేరు నేను అన్నానండీ" అంది. "నేను వెళ్ళనండీ." అంతే. ప్రొఫెసర్ గారు ఇంకా ఏదో చెప్పబోతే లేచి నెల్సన్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

తర్వాత కిరణ్ కుమార్ అన్నయ్యని పిలిపించాడు. "మేస్త్రీ గారూ, నెల్సన్ ఒక్కడే కాదంటున్నారండీ జనం. మీ ముఠాలో ఆ జబ్బున్నవాణ్ణి మీరే బయటికి పంపేస్తే సరి. లేదంటే కొల్లేరు చుట్టుపక్కల ఏ చెరువులోనూ మీ వల తడవదండీ."

మర్నాడు పొద్దున్నే ఇందుజకి కబురొచ్చింది, మేస్త్రీ రమ్మంటున్నాడని. వద్దన్నాను. వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను. గట్టు మీద ముఠా అంతా నిలబడి ఉంది. వల ఎండకి ఆరేసి ఉంది. అవతల జీపులో కిరణ్ కుమార్ మనుషులు వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నారు. అన్నయ్య చేతిలో దోనె నడిపే గెడకర్ర.

"నా వాళ్ళు ఇంత మంది పస్తుంటారమ్మా" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "ఒక్కడి కోసం. వాణ్ణి నేను కొట్టను. తిండి నేనే పెడతాను, మందులు నేనే కొంటాను. ముఠాలోంచి తప్పిస్తాను, అంతే. ఎవడో చెప్పు."

"ఫలితం ఎవరిది వాళ్ళే వచ్చి తీసుకోవాలండీ. ఇంకొకళ్ళకి చెప్పనండీ."

"ఎవడని అడిగాను."

"చెప్పనండీ."

గెడకర్ర మొదటి దెబ్బ పిక్కల మీద పడింది. మోకాళ్ళ మీద కూలబడింది.

"ఎవడు?"

"ఒకసారి చెప్పానండీ. ఆయన కాలు పోయింది."

రెండోది వీపు మీద. నేను చేపల ట్రే ఎత్తి అన్నయ్య నెత్తిన కొట్టాను. నుదురు చీరుకుపోయి నెత్తురు కళ్ళలోకి కారింది. తుడుచుకోలేదు. జీపులోవాళ్ళు దిగి నా జుట్టు పట్టి వెనక్కి లాగారు. ఒకడి బొటనవేలు నా నోటికి అందింది. ఎముక తగిలేదాకా కొరికాను. వాడు "ఎయిడ్సు! ఎయిడ్సు!" అని అరుచుకుంటూ వెళ్ళి చెరువులో పడ్డాడు. "కొరికితే అంటుకోదురా సన్నాసీ, చదువుకో!" అన్నాను, వాడి నెత్తురు ఉమ్ముతూ.

"ఎవడే?" అని అన్నయ్య ఇందుజ మీదికి ఒంగాడు. ఈసారి 'అమ్మా' లేదు.

ముఠాలో మనుషులు కొందరు నేల చూస్తున్నారు, కొందరు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటున్నారు. ఇందుజ ఎవరి కేసీ చూడలేదు. చూపు తీసుకెళ్ళి నీళ్ళ మీద పెట్టింది. ఎవరి మొహం మీద ఆగినా ఆ చూపే చెప్పేస్తుందని దానికి తెలుసు. గెడకర్ర లేచింది. తలకి అడ్డం పెట్టిన చెయ్యి మీద పడింది. ఎండు తాటిమట్ట విరిగిన చప్పుడైంది.

ఆ చప్పుడికి అన్నయ్య ఆగాడు. కర్ర కింద పెట్టి, గట్టు మీద కూర్చున్నాడు.

ఆటోలో ఏలూరు తీసుకెళ్తున్నాను. విరిగిన చెయ్యి నా ఒళ్ళో ఉంది, నా చున్నీతో కట్టాను. కైకలూరు దాటాక బుర్రలో లెక్క తేలింది. ఎవరిది వాళ్ళే వచ్చి తీసుకోవాలంది గట్టు మీద. ముఠా అంతా ఒక్కొక్కడే ఏలూరు వచ్చి ఫలితం తీసుకుని పోయారు. రానిది ఒక్కడే. చివరివాడు.

"ఇందుజా. మా అన్నయ్యేనా?"

చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

"నిన్నే. నేనెవరికి చెప్తాను? నా తోడబుట్టినవాడే. చెప్పవే! మా అన్నయ్యేనా?" గడ్డం పట్టుకుని మొహం నా వైపు తిప్పాను. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నొప్పికి పెదవి కొరుక్కుని నెత్తురు వచ్చింది.

"అక్కా" అంది. "ఆటోని కొంచెం మెల్లిగా పోనిమ్మనండి."

గడ్డం వదిలేశాను.

ఆస్పత్రికి ఎస్సై వచ్చాడు. "ఎవరు కొట్టారండీ?" అన్నాడు.

"రాసుకోండి. కొట్టినవాడు తాతాజీ. మా అన్నయ్య. కొట్టించినవాడు కిరణ్ కుమార్. నెల్సన్ కాలు కూడా అందులోనే రాసుకోండి."

"సొంత అన్నగారు కదండీ మేడమ్, ఇంటికెళ్ళి ఒకసారి ఆలోచించుకుని..."

"రాసుకోమన్నాను."

అన్నయ్యని తీసుకెళ్ళారు. కిరణ్ కుమార్‌ని కూడా తీసుకెళ్ళారు, కాకపోతే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నేను ఇంటికెళ్ళేసరికి తులసి వదిన నా పెట్టె వీధిలో పడేసింది. "ఊరంతా వెలేస్తే నిన్ను నెత్తిన పెట్టుకున్నాడే! ఆ చేతులకి బేడీలు వేయిస్తావా?" అని నా మొహాన ఉమ్మింది. తుడుచుకుని పెట్టె ఎత్తుకున్నాను. ఆవిడ అన్నదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు. నేను రాయించినదాంట్లోనూ లేదు.

సంఘం ఆఫీసులో పడుకున్నాను. పగలు ఇందుజ మంచం పక్కన. సోమసుందరం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆపేద్దామనలేదు. "రివ్యూకి నేనూ వస్తాను. ఈ ఊరు మార్చేది లేదని నేనే చెప్తాను" అన్నారు ఇందుజతో. పోతూ పోతూ నా దగ్గర ఆగారు.

"ఎవరి పేరూ చెప్పలేదటగా?"

"నాక్కూడా చెప్పలేదు."

"బాగా నేర్పారండీ" అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో అర్థం కాలేదు.

బెయిలు మీద వచ్చిన రోజే అన్నయ్య ఆస్పత్రికి వచ్చాడు. నుదుటి మీద నేను వేసిన గాటు ఇంకా మానలేదు. వార్డు గుమ్మంలో చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లేచి మీదికి వెళ్ళబోయాను.

"నా ఫలితం తీసుకోడానికి వచ్చానమ్మా" అన్నాడు ఇందుజతో.

ఇందుజ కట్టు కట్టిన చెయ్యి పొట్ట మీద సర్దుకుని లేచి కూర్చుంది. నర్సుని అడిగి పక్క గది తాళం తీయించింది. నేనూ వెనకాల బయల్దేరాను.

"అక్కా, మీరు బయట ఉండండి" అంది.

గోడకేసి తిరిగి కూర్చున్నాను.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. అన్నయ్య వచ్చి నా పక్కన నేల మీద చతికిలపడ్డాడు.

"నాదేనే భవానీ."

నేను గోడ మీంచి చూపు తీయలేదు.

"కొట్టేటప్పుడే తెలుసే ఆ పిల్లకి. నువ్వే అని ఒక్క మాట అంటే నా చెయ్యి ఆగిపోయేది." అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "అనలేదు."

"లోపల ఏమంది?"

"మందులు రోజూ ఎలా వేసుకోవాలో చెప్పింది. తులసిని తీసుకురమ్మంది. సూది మానడానికి కూడా మందుందంది. చెయ్యి నొప్పెడుతోందా అమ్మా అని అడిగాను." నుదుటి మీది గాటు తడుముకున్నాడు. "పెడుతోందండీ, అంది."

వదిన కూడా వచ్చి పరీక్ష చేయించుకుంది. ఏం తేలిందో చెప్పాల్సింది ఆవిడ. నేను చెప్పను. నాతో మాత్రం, "ఇంటికి తగలడు. ఆయన అన్నం ముట్టడం లేదు" అంది. పెట్టె ఎత్తుకుని వెళ్ళాను. దారిలోనే చెప్పాను, కేసు వెనక్కి తీసుకోనని. "ఎవరు తీసుకోమన్నారు?" అంది.

మధ్యాహ్నం భోజనాల వేళ. అన్నయ్య ముఠా వాకిట్లో కూర్చుంది. చేతికి పని లేదు, అన్నయ్య ఇంట్లోనే తింటున్నారు. తన ఫలితం వాళ్ళకి అన్నయ్యే చెప్పేశాడు. రోజూలాగే అందరికీ కలిపి ఒకే పెద్ద పళ్ళెంలో అన్నం, పులుసు. అన్నయ్య మాత్రం అవతల అరుగు మీద ఒక చిన్న కంచం పెట్టుకుని, మా అందరికీ వీపు తిప్పుకుని కూర్చున్నాడు.

వెళ్ళి ఆ కంచం లాక్కుని వీధిలోకి విసిరేశాను. తారు రోడ్డు మీద మోగుతూ పోయి కాలవ గట్టుకి తగిలి ఆగింది.

"అన్నం పారేస్తావేంటే, సిగ్గులేదూ?" అన్నాడు.

"రేపూ వేరే పెట్టుకుంటే రేపూ పారేస్తా."

"వేరు వేరుగా ఉండాలని నువ్వే కదే మొహాన నీళ్ళు కొట్టావు?"

"సూదులు!" అని అరిచాను. "సూదులన్నాను, వెధవ మొద్దూ! కంచం అన్నానా?"

ముఠాలో ఎవడో కిసుక్కున నవ్వాడు. జబ్బ పట్టుకుని లాక్కొచ్చి పెద్ద పళ్ళెం దగ్గర కూర్చోబెట్టాను. పక్కనే నేనూ కూర్చున్నాను. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆయన అలవాటు ప్రకారం అందరి కేసీ చూస్తూ కూర్చున్నాడు, అందరూ తిన్నాక తినడానికి.

"ముందు నువ్వు" అన్నాను.

"మేస్త్రీ చివర కదే."

"ముందు నువ్వు తిను."

వదిన పులుసు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. అన్నయ్య చెయ్యి పళ్ళెం మీద కాసేపు ఆడింది. తర్వాత దిగింది. ముద్ద కలిపాడు.